చెక్కు ముందు, కల తర్వాత: 1963 వాషింగ్టన్ ప్రసంగంపై ఒక కేస్ స్టడీ

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం, వాళ్లను వక్తృత్వ పోటీలకు తయారుచేయడం నా పని. దాదాపు ప్రతి ఏడూ ఎవరో ఒకరు అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ 'ఐ హ్యావ్ ఎ డ్రీమ్' ప్రసంగాన్ని నమూనాగా పట్టుకుని వస్తారు. అయితే వాళ్లు చదివింది చివరి ఐదారు నిమిషాల భాగమే అయి ఉంటుంది. 'నాకొక కల ఉంది' అని ఎత్తుకుని, ఆ మాటనే తిప్పి తిప్పి చెప్పి, గొంతు పెంచి ముగిస్తారు. చప్పట్లు పడతాయి. పది నిమిషాలయ్యాక, ఆ అమ్మాయి ఏం అడిగింది, ఆ అబ్బాయి దేని గురించి మాట్లాడాడు అని హాల్లో వాళ్లను అడిగితే ఎవరూ చెప్పలేరు.

అందుకే ఆ ప్రసంగాన్ని మొదటి వాక్యం నుంచి విప్పి చూపించే పాఠం ఒకటి తయారుచేసుకున్నాను. ఆ పాఠం కోసం చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ ప్రసంగంలో రూపకాలూ పునరుక్తులూ అనుప్రాసలూ అందం కోసం వచ్చి చేరినవి కావు, ఒక్కోదానికీ ఒక్కో పని ఉంది. కల అంత బలంగా వినిపించిందంటే, దానికి ముందు పది నిమిషాలకు పైగా కింగ్ బాకీ లెక్క అడిగారు కాబట్టే. ఆ లెక్క తీసేసి కల ఒక్కటీ తెచ్చుకుంటే మిగిలేది శుభాకాంక్షల కార్డు.

ఆ రోజు, ఆ చోటు

1963 ఆగస్టు 28, బుధవారం. వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు దాదాపు 2,50,000 మంది జనం. ఆ ప్రదర్శన పూర్తి పేరు 'ఉద్యోగాలు, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్ యాత్ర'. పేరులో ఉద్యోగాలు ముందున్నాయి, ఇది గుర్తుపెట్టుకోవాలి. దాని వెనకున్న పెద్దమనిషి ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, రైల్వే స్లీపర్ బోగీల్లో పనిచేసే నల్లజాతి పోర్టర్ల యూనియన్ నాయకుడు. 1941లోనే ఇలాంటి యాత్ర చేస్తామని ఆయన హెచ్చరిస్తే, రక్షణ పరిశ్రమల ఉద్యోగాల్లో జాతివివక్షను నిషేధిస్తూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చారు. అప్పుడు ఆగిన యాత్ర 22 ఏళ్ల తర్వాత జరిగింది.

ఏర్పాట్లన్నీ బేయార్డ్ రస్టిన్ చూశారు. మంచి సౌండ్ సిస్టమ్ ఉండాల్సిందేనని ఆయన పట్టుబట్టారు. మాట వినపడని చోట జనాన్ని అదుపులో ఉంచలేమన్నది ఆయన వాదన. వక్తృత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం మైకు సంగతి మర్చిపోతాం. అంత జనానికి చివరి వరుస దాకా మాట చేరకపోతే ఏ అలంకారమూ పనిచేయదు.

ఆ ఏడాది ఎలా నడిచిందో కూడా తెలియాలి. మే నెలలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఊరేగింపుగా వచ్చిన పిల్లల మీదికి పోలీసులు కుక్కలను వదిలారు, ఫైరింజన్ల గొట్టాలతో నీళ్లు కొట్టించారు. జూన్ 11 రాత్రి అధ్యక్షుడు కెనెడీ పౌరహక్కుల చట్టం తెస్తానని టీవీలో చెప్పారు. కొన్ని గంటలకే, జూన్ 12న, మిసిసిపీలో పౌరహక్కుల కార్యకర్త మెడ్గర్ ఎవర్స్‌ను ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. ఆగస్టు నాటికి ఆ చట్టం బిల్లుగానే ఉంది. అంటే కింగ్ ముందు కూర్చున్న వాళ్లలో చాలామంది దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి వచ్చినవాళ్లు. టీవీ ముందు కూర్చున్న తెల్లవాళ్లలో చాలామంది ఈయన ఏం గొడవ చేస్తాడో అని టెన్షన్‌గా చూస్తున్నవాళ్లు. ఒకే ప్రసంగం ఈ ఇద్దరికీ అందాలి.

రాత్రి రాసిన కాగితం

ముందు రోజు సాయంత్రం విల్లార్డ్ హోటల్లో సలహాదారులంతా కూర్చుని ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. న్యాయవాది క్లారెన్స్ జోన్స్, స్టాన్లీ లెవిసన్ అప్పటికే చిత్తుప్రతి ఒకటి తయారుచేశారు. కల గురించి ఇదివరకే చాలాసార్లు చెప్పారు, అరిగిపోయిన మాట, ఈసారి వద్దని వ్యాట్ టీ వాకర్ అన్నారు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. 1962 నవంబర్‌లో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో, 1963 జూన్‌లో డెట్రాయిట్‌లో కింగ్ ఆ మాట చెప్పే ఉన్నారు. జార్జియాలో తగలబడిపోయిన ఒక చర్చి దగ్గర 1962లో ప్రేథియా హాల్ అనే యువతి చేసిన ప్రార్థనలో ఆ మాట విన్నాకే కింగ్ మనసులో పడిందని ఆ ఉద్యమంలోని వాళ్లు చెప్పారు. కింగ్ పైకి గదిలోకి వెళ్లి తెల్లవారుజాము దాకా రాసుకున్నారు. ఆ కాగితంలో 'నాకొక కల ఉంది' అన్న మాట లేదు.

ఈ సంగతి చెప్పగానే నా విద్యార్థులు ఉలిక్కిపడతారు. మరి కాగితంలో ఏముంది?

వందేళ్ల బాకీ

మొదట లింకన్ ఉన్నాడు. గెటిస్‌బర్గ్ ప్రసంగాన్ని లింకన్ 'ఫోర్ స్కోర్ అండ్ సెవెన్ ఇయర్స్ ఎగో' అని మొదలుపెట్టాడు, అమెరికాలో బడికెళ్లిన ప్రతివాళ్లకూ అది నోటికి వస్తుంది. కింగ్ 'ఫైవ్ స్కోర్ ఇయర్స్ ఎగో' అని ఎత్తుకున్నారు. స్కోర్ అంటే ఇరవై. వందేళ్ల కిందట అని మామూలుగా అనొచ్చు. అనలేదు, ఎందుకంటే ఆయన వెనక లింకన్ పాలరాతి విగ్రహం కూర్చుని ఉంది. లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది, సరిగ్గా నూరో ఏడు ఇది. పేరు చెప్పకుండానే లింకన్‌ను సాక్షిగా నిలబెట్టారు. తెల్ల శ్రోత కాదనలేని సాక్షి.

వెంటనే ఆ సాక్ష్యం తిరగబడుతుంది. 'కానీ వందేళ్ల తర్వాత' అని ఒక వాక్యం. నల్లవాడు ఇంకా స్వతంత్రుడు కాలేదు. మళ్లీ 'వందేళ్ల తర్వాత': వేర్పాటు సంకెళ్లు, అంటే నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి విడదీసి ఉంచే పద్ధతి. మళ్లీ: సిరిసంపదల మహాసముద్రం మధ్యలో పేదరికపు ద్వీపం. మళ్లీ: సొంత దేశంలోనే పరాయివాడు. నాలుగుసార్లు. మన అలంకార శాస్త్రం పునరుక్తిని దోషాల్లో చేర్చింది. మనసు కదిలిన వేళ అది దోషం కాదని మినహాయింపూ ఇచ్చింది. ఇక్కడ ఇంకో కారణం కూడా ఉంది. ఇది వాయిదా లెక్క చదివినట్టు ఉంటుంది. ఒక్కో వాయిదా దగ్గరా అదే తేదీ, బాకీ మాత్రం కొత్తది.

ఆ తర్వాత వచ్చేది, నా లెక్కలో, మొత్తం ప్రసంగానికి వెన్నెముక. మన రాజధానికి మనం ఒక చెక్కు మార్చుకోవడానికి వచ్చాం అంటారు కింగ్. రాజ్యాంగం, 1776 స్వాతంత్ర్య ప్రకటన రాసిన పెద్దలు ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టారు. ప్రతి మనిషికీ జీవించే హక్కు, స్వేచ్ఛ, సుఖం వెతుక్కునే హక్కు ఇస్తామని ఆ నోటులో ఉంది. నల్లవాళ్ల దగ్గరికొచ్చేసరికి అమెరికా ఆ నోటు ఎగ్గొట్టింది. చెల్లని చెక్కు ఇచ్చింది, 'ఖాతాలో డబ్బు చాలదు' అని ముద్ర పడి వెనక్కి వచ్చింది. న్యాయం అనే బ్యాంకు దివాలా తీసిందంటే మేం నమ్మం, ఈ దేశపు అవకాశాల ఖజానాలో డబ్బు లేదంటే నమ్మం. అందుకే మార్చుకోవడానికి వచ్చాం.

ఈ రూపకం ఏం చేసిందో నెమ్మదిగా చూడాలి.

అడుక్కునేవాడికీ బాకీ వసూలుకొచ్చినవాడికీ తేడా ఉంది. అప్పటిదాకా తెల్ల శ్రోతల్లో చాలామంది దృష్టిలో నల్లవాళ్లు 'ఇంకా కావాలి' అని అడుగుతున్నవాళ్లు. ఒక్క రూపకంతో కింగ్ ఆ సంబంధాన్ని తలకిందులు చేశారు. ఇప్పుడు ప్రభుత్వం బాకీదారు, గుమ్మం ముందు నిలబడ్డవాళ్లు అప్పిచ్చినవాళ్లు. దయ అనే మాటకు చోటే లేకుండా పోయింది. పైగా నోటు రాసింది కింగ్ కాదు, ఆ దేశం దేవుళ్లలా కొలిచే పెద్దలు. వాళ్ల సంతకాన్ని గౌరవించమని అడిగేవాణ్ని దేశద్రోహి అనడం కష్టం.

ఇంకొకటి, ఆయన ఆ రూపకాన్ని ఒక్క వాక్యంలో మెరిపించి వదిలేయలేదు. నోటు, ఎగవేత, చెక్కు, ముద్ర, బ్యాంకు, ఖజానా, చేతికి రావాల్సిన డబ్బు. ఒకదాని వెనక ఒకటి, వరసగా వాక్యాలు. జీతం చెక్కు బ్యాంకులో తిరిగొస్తే ఆ ఇంట్లో ఆ నెల ఏమవుతుందో అక్కడున్న కూలీలకూ పోర్టర్లకూ ఎవరూ వివరించాల్సిన పనిలేదు. ఉద్యోగాల పేరు మీద మొదలైన యాత్రకు డబ్బు రూపకమే తగింది. బ్యాంకు దివాలా తీయలేదు అనడంలో ఆశ కూడా దాగి ఉంది. ఈ దేశం ఇవ్వలేనిది కాదు, ఇవ్వనిది. ఇవ్వనివాడి చేత ఇప్పించవచ్చు.

ఈ ఆలోచన జోన్స్ చిత్తుప్రతి నుంచి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో అరెస్టయిన వాళ్ల బెయిలు కోసం న్యూయార్క్ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ నుంచి పెద్ద మొత్తం తెచ్చినప్పుడు, బ్యాంకు వాళ్లు తన చేత ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారని జోన్స్ తర్వాత రాశారు. అలంకారం ఎక్కడో పుస్తకంలోంచి ఊడిపడలేదు. పిల్లల బెయిలు కాగితం మీద నుంచి వచ్చింది.

రెండు 'ఇప్పుడు'లు

ఇక్కడ నేను పాఠంలో ఒక పక్కదారి పడతాను, అది అవసరం అనిపిస్తుంది కాబట్టి.

అదే 1963 జనవరి 14న మాంట్‌గోమరీలో అలబామా గవర్నర్‌గా ప్రమాణం చేస్తూ జార్జ్ వాలెస్ ఒక వాక్యం అన్నాడు: వేర్పాటు ఇప్పుడు, వేర్పాటు రేపు, వేర్పాటు ఎప్పటికీ. ఇదీ పునరుక్తే. మూడు ముక్కలు, ఒకే మాట, పెరుగుతూ పోయే కాలం. వినడానికి గట్టిగానే ఉంటుంది, విన్నవాళ్లు కేకలు వేశారు. పునరుక్తి మంచివాళ్ల సొత్తేమీ కాదని పిల్లలకు ఇక్కడ చెప్పాలి.

ఇప్పుడు కింగ్ వాక్యాలు పక్కన పెట్టండి. 'ఇదే సమయం' అని నాలుగుసార్లు అంటారు. ప్రజాస్వామ్యం ఇచ్చిన మాట నిజం చేయడానికి ఇదే సమయం. వేర్పాటు అనే చీకటి లోయలోంచి ఎండ పడే దారిలోకి రావడానికి. అన్యాయపు ఊబిలోంచి సోదరభావమనే బండ మీదికి దేశాన్ని ఎత్తడానికి. దేవుడి బిడ్డలందరికీ న్యాయాన్ని నిజం చేయడానికి. మొదటిదీ చివరిదీ సాదా మాటలు, మధ్య రెండింటిలోనే బొమ్మ కట్టారు. ఆ రెండు బొమ్మల్లోనూ కదలిక ఉంది: ఇక్కడి నుంచి అక్కడికి. వాలెస్ వాక్యంలో మారేది కేలండరు మాత్రమే, మనుషులు ఉన్నచోటే ఉంటారు. కింగ్ వాక్యంలో కాలం ఆగి మనుషులు కదులుతారు. అలంకారం ఒకటే, దాని పక్కన పెట్టిన క్రియల్లోనే ఇద్దరి రాజకీయమూ తెలిసిపోతుంది. వాలెస్‌కు జవాబుగానే కింగ్ ఇలా అన్నారని నేను అనను. కానీ ఆ ఏడాది 'ఇప్పుడు' అన్న మాట ఎవరిది అన్న పోరు నడుస్తోంది. మెల్లమెల్లగా వెళ్దాం అన్న సలహాను కింగ్ మత్తుమందు అన్నది కూడా ఇక్కడే.

'ఎప్పటికి తృప్తి పడతారు?'

మధ్యలో సొంతవాళ్లకు చేసిన హెచ్చరిక ఉంది: ద్వేషంతో దాహం తీర్చుకోవద్దు, దేహబలాన్ని ఆత్మబలంతో ఎదుర్కోవాలి. 1959లో ఇండియా వచ్చి నెల రోజులు తిరిగి వెళ్లిన మనిషి మాట అది. దాని మీద ఎక్కువ ఆగను.

ఆగాల్సింది తర్వాతి చోట. 'మీకు తృప్తి ఎప్పుడు?' అని జనం అడుగుతున్నారంటూ, జవాబుగా షరతుల జాబితా మొదలుపెడతారు. పోలీసు దౌర్జన్యం ఉన్నంతకాలం తృప్తి లేదు. ప్రయాణపు అలసటతో ఒళ్లు బరువెక్కినా హైవే మీది లాడ్జిలో, ఊళ్లో హోటల్లో గది దొరకనంతకాలం లేదు. ఇక్కడ హక్కు అన్న మాట ఎక్కడా వాడకుండా అలిసిపోయిన ఒంటి గురించి మాట్లాడారు, గమనించండి. ఆ రోజు దక్షిణాది నుంచి బస్సుల్లో కూర్చుని వచ్చినవాళ్లకు అది ముందు రాత్రి అనుభవం.

తర్వాత ఒక అందమైన జంట: మిసిసిపీ నల్లవాడు ఓటు వేయలేడు, న్యూయార్క్ నల్లవాడికి ఓటు వేయడానికి తగిన కారణం కనపడదు. ఓటు అన్న ఒక్క మాటను రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. దీని పని పోలిక చెప్పడం కాదు. తప్పంతా దక్షిణాదిదే అని నిశ్చింతగా వింటున్న ఉత్తరాది శ్రోతను కూడా బోనులోకి లాగడం. చివరికి బైబిల్ ప్రవక్త ఆమోసు మాటతో జాబితా ముగుస్తుంది: న్యాయం నీళ్లలా, ధర్మం మహాప్రవాహంలా పారేదాకా. లాడ్జి గది దగ్గరున్న కోరిక ప్రవక్త నోటి మాటగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. గది గురించి ముందు మాట్లాడారు కాబట్టే ఆ నది నమ్మశక్యంగా ఉంది.

కాగితం పక్కకు వెళ్లిన క్షణం

చిత్తుప్రతిలో దీని తర్వాత ఒక వాక్యం ఉంది. 'సృజనాత్మక అసంతృప్తి అభివృద్ధికై ఏర్పడిన అంతర్జాతీయ సంఘ సభ్యులుగా మన ఊళ్లకు తిరిగి వెళ్దాం' అన్న ధోరణిలో సాగుతుంది. నేను దీన్ని బోర్డు మీద రాసి, పైకి చదవమంటాను. ఎవరూ ఒక్క ఊపిరిలో చదవలేరు. కింగ్ కూడా దాన్ని వదిలేశారు. దానికి బదులు 'మిసిసిపీకి తిరిగి వెళ్లండి, అలబామాకు తిరిగి వెళ్లండి, సౌత్ కరోలినాకు, జార్జియాకు, లూసియానాకు తిరిగి వెళ్లండి' అన్నారు. సంఘం పోయి ఊళ్లు వచ్చాయి.

సరిగ్గా ఆ దరిదాపుల్లోనే, అంతకుముందు పాట పాడి వేదిక మీద ఉన్న గాయని మహాలియా జాక్సన్ 'కల గురించి చెప్పు, మార్టిన్' అని కేక వేసింది. కింగ్ కాగితాన్ని పక్కకు నెట్టారు. వెనక నిలబడ్డ జోన్స్ తన పక్కనున్న మనిషితో, వీళ్లకు తెలియదు కానీ వీళ్లంతా ఇప్పుడు చర్చికి వెళ్లబోతున్నారు అన్నారట.

నల్లజాతి బాప్టిస్టు చర్చిలో ప్రసంగీకుడు ఒక్కడే మాట్లాడడు. ఆయన వాక్యానికి సభ జవాబిస్తుంది, ఆ జవాబు బట్టి ఆయన తర్వాతి వాక్యం ఎత్తుకుంటాడు. బుర్రకథలో కథకుడికి వంతలు తందానా అన్నట్టు. వంత లేకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే చోటూ లేదు, తర్వాతి మాట తట్టే సమయమూ లేదు. 'ఐ హ్యావ్ ఎ డ్రీమ్' చేసిన మొదటి పని ఇదే. కాగితం లేకుండా మాట్లాడుతున్న మనిషికి అది కాలు మోపే చోటు ఇచ్చింది. జనానికి తామెప్పుడు గొంతు కలపాలో చెప్పింది. చిన్న చిన్న మాటలు, ఒక్క దెబ్బకు నోట్లోంచి వచ్చేవి.

ఇక మారుతున్నది ఏమిటో చూడాలి. నా విద్యార్థులకు ఇచ్చే మొదటి పని: 'నాకొక కల ఉంది' అన్నదాన్ని కొట్టేసి మిగతాది వరసగా రాయండి. రాస్తే ఇలా వస్తుంది. దేశం తన నమ్మకాన్ని నిజంగా పాటిస్తుంది. జార్జియా ఎర్రమట్టి కొండల మీద బానిసల కొడుకులూ యజమానుల కొడుకులూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మిసిసిపీ కూడా మారుతుంది. నా నలుగురు పిల్లలను ఒంటి రంగును బట్టి కాక గుణాన్ని బట్టి చూస్తారు. అలబామాలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ చేతులు పట్టుకుంటారు. లోయలు పైకి లేస్తాయి, కొండలు వంగుతాయి.

దేశం నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి సొంత ఇంటికి దిగి, అక్కడి నుంచి మళ్లీ బైబిల్లోని యెషయా ప్రవక్త లోయల దాకా ఎక్కారు. కలలో ప్రతి మెట్టుకూ ఒక చిరునామా ఉంది. ఆ నలుగురు పిల్లల్లో చిన్నదైన బెర్నీస్ అప్పటికి అయిదు నెలల పసిబిడ్డ. అంతసేపూ ప్రజల తరఫున 'మేం' అన్న మనిషి 'నా పిల్లలు' అనడం అక్కడే, ఆ ఒక్కచోటే. 'కలర్, కంటెంట్, క్యారెక్టర్' అన్న క-కార అనుప్రాసతో ఆ వాక్యం నోట్లో కూర్చుంటుంది. ఆ శబ్దం వల్లే లోకమంతా ఇప్పటికీ దాన్ని అప్పజెబుతోంది. కానీ దాన్ని నిలబెట్టింది తండ్రి గొంతు.

అలబామా దగ్గర ఇంకో సంగతి. గవర్నర్ పెదవుల నుంచి కారే మాటలు 'ఇంటర్‌పొజిషన్', 'నల్లిఫికేషన్' అంటారు. ఫెడరల్ చట్టాన్ని రాష్ట్రం అడ్డుకోవచ్చు, రద్దు చేయవచ్చు అన్న పాత వాదాల పేర్లవి. కల మధ్యలో ఈ రెండు బరువైన లాయరు మాటలు ఎందుకు? వాటి పక్కనే చేతులు పట్టుకున్న చిన్నపిల్లలు రావాలి కాబట్టి. రాయిలాంటి మాటలు రెండు పడ్డాకే ఆ పిల్లల మాట మెత్తగా తగులుతుంది. వాలెస్ పేరు చెప్పకపోవడం కూడా లెక్కతోనే, పేరు చెబితే అది వాళ్లిద్దరి గొడవ అయిపోయేది.

కొండల పేర్లు

చివరి భాగానికి బడిలో పాడే దేశభక్తి గీతం ఆధారం. 'ప్రతి కొండ మీదా స్వేచ్ఛ మోగాలి' అన్న దాని చివరి పాదాన్ని పట్టుకుని కింగ్ అమెరికా పటం మీద నడుస్తారు. ఈ ఎత్తుగడ పూర్తిగా ఆయనది కాదు. చికాగో పాస్టర్ ఆర్చిబాల్డ్ కేరీ 1952లో రిపబ్లికన్ పార్టీ సదస్సులో ఇదే పాటతో, ఇలాగే కొండల పేర్లతో ముగించాడు. నల్లజాతి ప్రసంగీకుల్లో ఒకరి పలుకు ఇంకొకరు ఎత్తుకుని పెంచడం మామూలే.

కింగ్ వరస చూడండి. న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కొలరాడో, కాలిఫోర్నియా. అన్నీ ఎవరూ కాదనని కొండలు. అప్పుడు, అంతే కాదు అని ఒక మలుపు. జార్జియాలోని స్టోన్ మౌంటెన్. నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ 1915లో మళ్లీ పుట్టింది ఆ కొండ మీదే. తర్వాత టెన్నెసీ లుకౌట్ మౌంటెన్, చివరికి మిసిసిపీలోని ప్రతి గుట్టా ప్రతి పుట్టా. మొదటి అయిదూ దృశ్యాలు, చివరి మూడూ సవాళ్లు. స్టోన్ మౌంటెన్ పేరు వినగానే దక్షిణాది నల్లవాళ్లకు ఏం గుర్తొస్తుందో ఆయన విడమరచి చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. జాబితా రాసేటప్పుడు ఏది చివర పెడతామన్నదే మన అభిప్రాయం అని నేను పిల్లలకు చెప్పేది ఈ వరస చూపించే.

ప్రసంగం చేయలేకపోయినవి

కేస్ స్టడీ అన్నాక ఇదీ రాయాలి. ఆ ప్రసంగమే చట్టం తెచ్చిందని చెప్పడం తప్పు. పౌరహక్కుల చట్టం 1964 జులై 2న, ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టు 6న వచ్చాయి. వాటి వెనక కెనెడీ హత్య, ఆయన తర్వాతి అధ్యక్షుడు జాన్సన్ పట్టు, అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచినవాళ్ల రక్తం, ఊరూరా పనిచేసిన వేలమంది ఉన్నారు. ప్రసంగమైన 18 రోజులకే, సెప్టెంబర్ 15న, బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పెట్టి నలుగురు అమ్మాయిలను చంపారు. మిసిసిపీలో ఓటర్ల నమోదు పనిలో ఉన్న ఆన్ మూడీ యాత్ర రోజు గుంపులో కూర్చుని, మనకు నాయకులు కాక కలలు కనేవాళ్లు దొరికారని అనుకున్నానని తర్వాత రాసింది. కాంటన్‌లో (ఆమె పనిచేసిన మిసిసిపీ ఊరు) మాకు నిద్రకే తీరిక లేదు, ఇక కలలెక్కడ అన్నది ఆమె మాట. నేను ఈ విమర్శను క్లాసులో తప్పకుండా చదివిస్తాను, అది చాలావరకు న్యాయమైనది. ఇక ఎఫ్‌బీఐలో పెద్ద అధికారి విలియం సల్లివన్ ప్రసంగమైన రెండు రోజుల్లోనే ఒక మెమో రాశాడు. ఆ ప్రసంగం విన్నాక కింగ్‌ను దేశంలోకెల్లా అత్యంత ప్రమాదకరమైన నల్లవాడిగా గుర్తించాలన్నాడు. ప్రసంగం ఎంత గట్టిదో శత్రువుకు వెంటనే అర్థమైంది.

1967లో ఒక టీవీ ఇంటర్వ్యూలో కింగ్, ఆ కల చాలాచోట్ల పీడకలగా మారిందని ఒప్పుకున్నారు. 1968లో పేదల ఉద్యమం కోసం మళ్లీ వాషింగ్టన్ వెళ్దామని ఊళ్లు తిరుగుతూ ఆయన జనానికి చెప్పింది వేరు: మన చెక్కు తీసుకోవడానికి వస్తున్నాం. ఏప్రిల్ 3న, చనిపోవడానికి ముందు రోజు రాత్రి, మెంఫిస్‌లో సమ్మె చేస్తున్న పారిశుద్ధ్య కార్మికుల ముందు కూడా, కాగితం మీద రాసిన మాట నిలబెట్టుకోమని అమెరికాను అడుగుతున్నామన్నారు. పిల్లలు అప్పజెప్పే భాగం కన్నా వదిలేసే భాగాన్నే ఆయన చివరిదాకా మోశారు.

క్లాసులో దీనితో చేసే పని

ఇప్పుడు ఎవరైనా ఈ నమూనాతో వస్తే కలను ముట్టుకోనివ్వను. ముందు నోటు వెతుక్కు రమ్మంటాను: నీ విషయంలో ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద మాట ఇచ్చారు? ఈ మధ్య వీల్‌చెయిర్ వాడే స్నేహితురాలి కోసం ఒక అమ్మాయి ప్రసంగం రాసింది. మొదటి ప్రతి అంతా 'అందరూ సమానంగా ఉండే లోకం నాకొక కల' అని సాగింది. వెతికాక ఆమెకు 2016 వికలాంగుల హక్కుల చట్టం దొరికింది. విద్యాసంస్థల భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ప్రసంగం ఆ చట్టంతో మొదలైంది.

పునరుక్తికి ఆమె ఎంచుకున్న మాట 'మెట్లెక్కాలి'. లైబ్రరీకి వెళ్లాలంటే మెట్లెక్కాలి. పరీక్ష రాయాలంటే మెట్లెక్కాలి. ఫీజు కట్టాలంటే మెట్లెక్కాలి. మెట్ల గురించి ఫిర్యాదు ఇవ్వాలన్నా మెట్లెక్కాలి. నాలుగోసారికి హాల్లో ముందు నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. కల ఆమె ప్రసంగంలోనూ చివర్లో వచ్చింది, రెండే వాక్యాలు: పరీక్ష హాలు కింది అంతస్తులోకి రావడం, లైబ్రరీ గుమ్మం దగ్గర ఒక ర్యాంపు. ఆ సాయంత్రం హాల్లోంచి బయటికి వస్తున్న వాళ్లలో కొందరిని ఆపి, ఆ అమ్మాయి ఏం అడిగిందని అడిగాను. ర్యాంపు అన్నారు.